బీచుపల్లిలో పిల్లబండి పూజ

ఎల్బెర్గ్ కారు ముందర ఉండే వెండి కొంగ బొమ్మ చూపిస్తే మా గద్వాల పిల్లలు కూడా ఠక్కున కారు పేరు చెప్పేస్తారు. ఫోన్లో చూడటమే తప్ప దాన్ని ఎదురుగా చూసినవాళ్ళు మాత్రం మా ఊళ్ళో లేరు. ఆ కారు పొడవూ ఎక్కువే, ధర ఇంకా ఎక్కువ. ఈ ఏడు ఆ కంపెనీకి ఓ ఆలోచన పుట్టింది. పెద్ద నగరాల్లో పెద్ద కార్లు ఎలాగూ అమ్ముడవుతున్నాయి, చిన్న కారొకటి చేసి చిన్న ఊళ్ళకు తీసుకుపోతే ఎలా ఉంటుంది అని. దానికి ఎల్బెర్గ్ వన్ అని పేరు పెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తిప్పి దాన్ని జనానికి చూపించే పని నాకు పడింది. పడింది అనకూడదు, నేనే నెత్తికెత్తుకున్నాను.

నా పేరు పూర్ణిమ. మా నాన్న గోపాల్ గద్వాలలో చీరలు నేస్తాడు, నేను హైదరాబాద్ షోరూంలో కార్లు అమ్ముతాను. ఆ రోజు మీటింగులో మా మేనేజర్ అరుణ్ సార్ తెర మీద మ్యాపు వేసి, సరిగ్గా మా మూడు జిల్లాల మీద వేలు పెట్టి, "ఇక్కడ ట్రాక్టర్లు తప్ప ఇంకేం కొంటారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క వారం బండి నా చేతికివ్వండి సార్. ఒక్క బుకింగైనా తేలేకపోతే అప్పుడు నవ్వండి" అనేశాను. కోపంలో అన్న మాట వెనక్కి తీసుకుందామంటే ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు, అక్కడికక్కడే సరేనన్నాడు. శనివారం సాయంత్రం లోపల ఒక్క బుకింగ్ వస్తే గద్వాలలో చిన్న షోరూం పెడతారు, దానికి నేనే ఇంచార్జిని. రాకపోతే ఆ మూడు జిల్లాల ఊసు ఇంకెవరూ ఎత్తరు, నన్ను కస్టమర్ల ఫోన్లెత్తే సీట్లో కూర్చోబెడతారు.

గద్వాలలో బండి ఆపానో లేదో జనం ఈగల్లా మూగారు. తెల్లటి బండి, ముత్యంలా మెరుస్తోంది. కొంగ బొమ్మను అందరూ ఒకసారి నిమిరారు. తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "లీటరుకు ఎంతిస్తదమ్మా?" అని అడిగాడు. చెప్పాను. "గంతేనా!" అని నా మీద జాలిపడి వెళ్ళిపోయాడు. మా నాన్న కూడా మగ్గం దిగి వచ్చి, తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు విని తల ఊపాడు.

"బండి మంచిగున్నది బిడ్డా. కాని గిన్ని పైసలు వెట్టినోడు అది జర పెద్దగ కనవడాలె అనుకుంటడు గదా. చీర కొనేటోళ్ళు గూడ గంతే. అంచు జానెడుంటే మూరెడు లేదా అంటరు" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజమైంది. వనపర్తిలో ఒక డాక్టరుగారు దవాఖాన ముందరే బండెక్కి, వెనక సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, "చాలా హాయిగా ఉంది" అన్నారు. నేను సంబరపడే లోపలే కళ్ళు తెరిచి, "ఇదే కొంచెం పొడుగ్గా ఉంటే తీసుకునేవాణ్ణి" అన్నారు. నాగర్‌కర్నూల్లో ఒక కాంట్రాక్టరు మెడలో గొలుసు సర్దుకుంటూ బండితో ఫోటోలు దిగాడు, పిల్లలతో దిగాడు, మామతో దిగాడు. చివరికి, "పెద్దది వచ్చినంక ఫోన్ చెయ్యమ్మా" అని నంబరిచ్చాడు. వారం తిరిగేసరికి ఆ బండితో ఫోటో దిగనివాళ్ళు లేరు, కొన్నవాళ్ళూ లేరు. అందరూ కలిసి దానికి పిల్లబండి అని పేరు మాత్రం పెట్టారు.

ఇక మిగిలింది శనివారం, మిగిలిన ఆశ అయిజలో ఉండే వెంకటన్న.

వెంకటన్న విత్తనపత్తి రైతు. మా వైపు ఈ సాగు బాగా ఉంది. మామూలు పత్తిలా గింజ వేసి, నీళ్ళు పెట్టి ఊరుకుంటే కుదరదు. మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు చేత్తో రుద్దాలి, చేనంతా ఒక్కో పువ్వుకూ అలాగే రుద్దాలి. అదీ పొద్దున పూటే. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు, ఆ రోజు పువ్వు ఆ రోజుకు పోయినట్టే. కష్టం ఎక్కువ, రాబడీ బాగానే ఉంటుంది. వెంకటన్నకు అప్పటికే ఎత్తయిన పెద్ద బండి ఒకటి ఉంది. రెండో బండి చూస్తున్నాడని తెలిసి నేనే ఫోన్ చేసి వస్తానన్నాను.

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన భార్య ఇందిరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చిన్న మనిషి. పక్కన నీళ్ళ సీసా, సంచి. మెడ చాపి సందు చివరకు చూస్తోంది. నా బండి కోసమే చూస్తోందనుకుని మురిసిపోయి, నమస్కారం పెట్టి, ఆమెను దాటుకుని లోపల వెంకటన్న దగ్గరకు నడిచాను. ఆయన బయటికి వచ్చి బండిని పైనుంచి కిందికి చూశాడు. కిందికి చూడటానికి ఎంతో సేపు పట్టలేదు.

"గిది పిల్లబండి గాదమ్మా? మా పెద్ద బండి పక్కన నిలవెడితే దాని పిల్ల అనుకుంటరు" అన్నాడు.

"ఒకసారి నడిపి చూడండి సార్" అన్నాను, ఏడుపు ముఖం పెట్టకుండా.

అప్పుడు ఇందిరమ్మ అరుగు దిగింది. "శ్రావణ శనివారం గదా. బీచుపల్లి దాంక పోయొద్దాం. స్వామి దర్శనమైతది, బండి సూసినట్టయితది" అంది. వెంకటన్నకు ఆంజనేయస్వామి అంటే భక్తి. గుడి ముందర వేసే మిరపకాయ బజ్జీలంటే ఇంకా భక్తి. మారుమాట లేకుండా తాళం తీసుకున్నాడు. ఇందిరమ్మ గడప దగ్గరున్న పనామెకు, "డ్రైవరు జంగయ్య వస్తే మేం బీచుపల్లికి పోయినమని చెప్పు" అని కేకేసి బండెక్కింది.

దారి పొడవునా నేను వెంకటన్న పక్కన కూర్చుని ఇంజను గొప్పలు చెప్తున్నాను. వెనక నుంచి ఇందిరమ్మ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

"దీనికి క్లచ్ ఉంటదా బిడ్డా?"

"ఉండదమ్మా" అని, వెంకటన్న వైపు తిరిగి, "ఆటోమేటిక్ సార్, దానంతటదే గేరు మారుతుంది" అన్నాను.

"సీటు ముంగటికి జరుగుతదా?"

"జరుగుతుందమ్మా. సార్, ఈ బటన్ నొక్కితే చాలు, మీ ఎత్తుకు తగ్గట్టు పైకి కూడా లేస్తుంది."

"చేన్ల బాటకు పోతదా? ఇరుకుల మలుగుతదా?"

"ఎంత ఇరుకు సందులోనైనా తిరుగుతుంది సార్" అన్నాను మళ్ళీ ఆయనతోనే. ఆయన ఆవలించాడు.

బీచుపల్లిలో ఇసుక వేస్తే రాలనంత జనం. దర్శనం అయింది. వెంకటన్న తాళం భార్య చేతిలో పెట్టి బజ్జీల బండి వైపు వెళ్ళాడు. ఆయన మొహం చూస్తే బేరం కుదరదని నాకు తెలిసిపోయింది. అదే సమయానికి అరుణ్ సార్ ఫోన్ వచ్చింది. మైకుల హోరులో వినపడక కృష్ణ ఒడ్డు దాకా నడిచి మాట్లాడాను.

"సాయంత్రానికల్లా బండి ఇక్కడుండాలి. సోమవారం దాన్ని వేరే జిల్లాకు పంపాలి. ఒక్క గీత పడకూడదు, ఒక్క మరక కనపడకూడదు. మీ వైపు సంగతి ఇంక ముగిసినట్టే" అన్నాడు. ఆయన గొంతులో వెటకారం కూడా లేదు. అది ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికైనా పనికొచ్చేది. ఒడ్డునే కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని తిరిగి వచ్చాను.

వచ్చి చూస్తే బండి చుట్టూ జనం మూగి ఉన్నారు.

ముత్యంలాంటి తెల్ల బానెట్ మీద బారెడు పొడుగున సింధూరంతో శ్రీరామ అని రాసి ఉంది. అటూ ఇటూ స్వస్తిక్ గుర్తులు. నూనెలో కలిపిన సింధూరం ఎండకు కరిగి కిందికి కారుతోంది. కొంగ మెడలో బంతిపూల దండ. కొబ్బరికాయ అప్పుడే పగిలినట్టుంది, చిప్పలు పక్కనే ఉన్నాయి. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, అయ్యగారు హారతి పళ్ళెం పట్టుకుని, "జర ముంగటికి అమ్మా. జర. మెల్లగ" అంటున్నాడు. బండి కదిలింది. నిమ్మకాయలు టప్‌మని పగిలాయి. చుట్టూ ఉన్నవాళ్ళు జై కొట్టారు. డ్రైవరు సీట్లో ఎవరున్నారా అని చూస్తే ఇందిరమ్మ. సీటు బాగా ముందుకు జరుపుకుని, కొంగు నడుముకు చుట్టుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఉంది.

బజ్జీల పొట్లంతో వెంకటన్న పరుగెత్తుకొచ్చాడు. "ఏం పనే ఇది! అది మనది గాదు, కంపెనోళ్ళది! మంది బండికి పూజ చేపిస్తవా?"

అయ్యగారు కంగారు పడ్డాడు. "ఎవరి పేరు మీద చెయ్యాలమ్మా అని అడిగిన. ఇందిరమ్మ పేరు మీద అని ఆమెనే చెప్పింది. బండి ఆమెదే అనుకున్న."

గుంపులో ఒక ముసలామె ముందుకొచ్చింది. "నిమ్మకాయలు తొక్కిచ్చినంక బండి వాపస్ ఇయ్యొద్దు బిడ్డా. ఇంటికి కీడు" అంది. ఇంకొకాయన అవునన్నాడు. వాళ్ళ మేనమామ ఇలాగే చేస్తే ఏమైందో చెప్పడం మొదలుపెట్టాడు. వెంకటన్న మొహం పాలిపోయింది. ఆ పరేషాన్‌లో చేతిలోని పొట్లం నా చేతికిచ్చి దండం పెట్టబోయాడు.

"బిడ్డా, రోజు ఇసుంటి బండ్లు అమ్మేదానివి, నీకు తెలుస్తది. నువ్వే చెప్పు. పూజ చేపిచ్చి కొనకపోతే కీడా?"

అందరూ నా వైపు చూశారు. నిజం చెప్తున్నాను, నాకు ఆశ పుట్టింది. అవును సార్ అంటే చాలు. షోరూం వస్తుంది, మా నాన్న మగ్గానికి పది నిమిషాల దూరంలో నా ఉద్యోగం ఉంటుంది, అరుణ్ సార్ నవ్వు ఆయన గొంతులోనే ఆగిపోతుంది. కానీ భయపెట్టి అంటగట్టిన బండి వాళ్ళ వాకిట్లో ఉన్నంత కాలం నేను అయిజలో తలెత్తుకుని తిరగలేను. మా ఊళ్ళవాళ్ళు కొంటారు అని కదా నేను పందెం కట్టింది, మా ఊళ్ళవాళ్ళను బెదిరిస్తానని కాదు.

"కీడూ లేదు, ఏమీ లేదు సార్. దేవుడి ముందు దీపం పెట్టినట్టే, అంతే. మీకు నచ్చితేనే కొనండి. మరకల సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. చూసుకోవడం నా వల్ల కాదని నాకు తెలుసు.

వెంకటన్న ఊపిరి పీల్చుకున్నాడు. "సూసినవా? ఏం గాదంట. దిగు ఇగ."

ఇందిరమ్మ దిగలేదు. అద్దం పూర్తిగా కిందికి దించింది.

"నేను తెల్వక చేపిచ్చిన అనుకుంటున్నరా అందరు? తెలిసే చేపిచ్చిన" అంది. గొంతు పెద్దగా లేదు గానీ గుంపంతా సద్దుమణిగింది. "రోజు పొద్దుగాల అరుగు మీద కూసొని జంగయ్య కోసం సూస్త. నీ డ్రైవరు చాయ్ తాగి, నలుగురితోని ముచ్చట వెట్టి, నిమ్మళంగ వస్తడు. ఆడ కూలోళ్ళు చేన్ల నిలవడ్డరు. నేను పొయ్యేవరకు పొద్దెక్కుతది. ఎన్ని పువ్వులు పోయినయో నీకు తెల్వదు, నాకు తెలుసు. నీ పెద్ద బండిల నాకు కాలు అందితే కండ్లు అందయి, కండ్లు అందితే కాలు అందదు. మన బిడ్డ గద్వాలల డ్రైవింగ్ నేర్చినప్పుడు నేను గూడ నేర్చిన. లైసెన్సు గీ సంచిలనే తిరుగుతున్నది."

"మరి నాకు చెప్పొచ్చు గద?" అన్నాడు వెంకటన్న. ఈసారి గొంతు తగ్గింది.

"చెప్పిన. రేపు సూద్దాం అన్నవ్. మల్ల చెప్పిన. పంట అయినంక సూద్దాం అన్నవ్. అందుకే ఈసారి నీకంటె పెద్దోనికి ముందుగాల చెప్పుకున్న" అని గుడి వైపు చెయ్యెత్తి దండం పెట్టింది.

జనం నవ్వారు. అయ్యగారు కూడా నవ్వాడు. వెంకటన్న మాత్రం అటూ ఇటూ చూసి, దగ్గరకు వంగి, "ఊళ్ళె నవ్వుతరే. వెంకటన్న పిల్లబండి కొన్నడు అంటరు" అన్నాడు.

"నువ్వు కొంటలేవు గదా. నేను కొంటున్న. చేను నా పేరు మీదున్నది, విత్తనాల పైసలు నా ఖాతాల పడుతున్నయ్. నీ పెద్ద బండి నీకుండనీ. గిది నాది" అని, నా వైపు తిరిగింది. "బిడ్డా, నేను అడిగినవన్ని నువ్వు ఆయనకు చెప్పినవ్. అయినా నేనే అన్ని ఇన్న. నాకు గిదే బండి గావాలె. స్వామి ముంగట నిలవడ్డ బండి. వేరేది వద్దు."

నాకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. వారమంతా మూడు ఊళ్ళు తిరిగి, కనపడిన మగవాళ్ళందరి చేతుల్లో తాళం పెట్టాను. కొనాలనుకున్న మనిషి పొద్దుటి నుంచీ నా వెనక సీట్లో ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయిందమ్మా" అన్నాను. "తప్పేంది, ముందల ఆ బజ్జీలు ఇటు ఇయ్యి, ఆకలైతున్నది" అంది.

వెంకటన్న నా చేతిలోని పొట్లంలోంచి పెద్ద బజ్జీ ఏరి ఆమెకిచ్చాడు. కాసేపు బండిని చూశాడు, భార్యను చూశాడు. మొహంలో బిగువు మెల్లగా వదిలింది. ఇంకా లోపల గర్వం కూడా ఉందేమో, చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా ఆమెకు లైసెన్సు ఉన్నది" అన్నాడు, తానే ఇప్పించినట్టు. తర్వాత, "మరి నేనేడ కూసోవాలె?" అని అడిగాడు.

"ఎనక" అంది ఇందిరమ్మ.

నేను ముందు కూర్చున్నాను. బండి గుడి దగ్గర నుంచి మెల్లగా బయటపడి పెద్ద రోడ్డెక్కింది. ఇందిరమ్మ నిదానంగా, ఎడమ పక్కగా నడుపుతోంది. లారీ కనపడ్డప్పుడల్లా వెంకటన్న వెనక నుంచి బ్రేక్, బ్రేక్ అని కేకలు పెడుతున్నాడు. "బ్రేక్ నా కాలి కింద ఉన్నది, నీ నోట్ల లేదు" అని ఆమె ఒకసారి కసిరాక కేకలు తగ్గాయి. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పడుతుండగా అరుణ్ సార్ మళ్ళీ ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టాను.

"బండి బయలుదేరిందా?"

"బయలుదేరింది సార్. హైదరాబాద్‌కు కాదు, అయిజకు. బుకింగ్ వచ్చింది. కస్టమరుకు ఇదే బండి కావాలంట."

"పిచ్చా నీకు? చూపించే బండి అమ్మకూడదని తెలియదా? వేరేది బుక్ చెయ్యి."

"మీకొక ఫోటో పంపించాను, చూడండి సార్."

ఫోటో తెరిచినట్టున్నాడు. "ఏంటది, బానెట్ నిండా నారింజ రంగు?"

"ఆంజనేయస్వామి సింధూరం సార్. నూనెలో కలిపింది. ఎండకు బాగా పట్టేసింది, కడిగినా పోయేలా లేదు. సోమవారం వేరే జిల్లాకు పంపుతానంటే ఇలాగే పంపాలి."

అవతల పెద్ద నిట్టూర్పు వినపడింది. "కస్టమరు గట్టివాడేనా? నిజంగా తీసుకుంటాడా?"

"నేను చూసినవాళ్ళలో అందరికంటే గట్టి సార్."

"సరే. పైవాళ్ళతో నేను మాట్లాడతాను, ఆ బండే ఇచ్చేద్దాం. షోరూం సంగతి సోమవారం కూర్చుని మాట్లాడదాం. ముందు కస్టమరుకు ఫోనివ్వు, నేనే శుభాకాంక్షలు చెప్తాను."

వెంకటన్న గొంతు సవరించుకున్నాడు. అలవాటు మరి. వెనక నుంచి ఆయన చెయ్యి నా భుజం మీదుగా ముందుకు వచ్చింది. "నాకియ్యి బిడ్డా, నేను మాట్లాడుత."

నేను ఫోన్ ఆయనకివ్వలేదు. ఇందిరమ్మ వైపు చూశాను. ఆమె మలుపుకు ఇండికేటరు వేసి, ఎదురుగా వస్తున్న ట్రాక్టరు దాటేదాకా ఆగి, అద్దంలో చూసుకుని, స్టీరింగు తిప్పుతోంది.

"సార్, కస్టమరు ఇప్పుడు మాట్లాడలేరు. బండి నడుపుతున్నారు" అన్నాను.

వెంకటన్న చెయ్యి కాసేపు అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి పోయింది.